త్వరగా అన్నచోట

ఎర్జురుమ్‌లో జనవరి.
కిటికీ బయట థర్మామీటరు
మైనస్ ఇరవై ఆరు దగ్గర ముడుచుకు పడుకుంది.
పాలందోకెన్ కొండ మీద స్కీ దీపాలు,
ఎవరూ జారని వాలుకి కూడా వెలుగు.

నా టేబులు మీద మూడు వందల నలభై ఫారాలు.
ఒక్కో ఫారంలో నలభై ఐదు ప్రశ్నలు,
ఒక్కో ప్రశ్నకి ఐదు సున్నాలు.
ఏదో ఒక సున్నాలో నిజం నింపాలి పిల్లలు.
కొందరు అన్నిటికీ మూడే నింపారు.
కోపం రాలేదు నాకు.
ఆ వయసులో నేనూ అన్నిటికీ మూడే.

పళ్ళ మధ్య చక్కెర బిళ్ళ బిగించి
టీ తాగుతూ చదువుతున్నాను, ఈ ఊరివాళ్ళందరిలాగే.
తీపిని గ్లాసులో కలపం మేం.
నోట్లో దాచుకొని
చేదుని దాని మీదుగా రప్పిస్తాం.

రెండు వందల పద్నాలుగు.
పేరు రాయొద్దని పైన అచ్చు వేయించాం.
అయినా రాశాడు: బెదిర్హాన్,
పశువైద్యం రెండో ఏడు, నాలుగో అంతస్తు.
'ఆన్‌లైన్‌లో ఉండటానికి నిద్ర మానుకుంటాను':
ఐదో సున్నాని ఎంత గట్టిగా రుద్దాడంటే
కాగితం అవతలి వైపు పొక్కు లేచింది.
'ఇంకొక్క ఐదు నిమిషాలు అనుకుంటాను': ఐదు.
'ఎంతసేపు చూశానో ఇతరుల దగ్గర దాస్తాను': ఐదు.
పక్కన చిన్న అక్షరాల్లో, 'నా దగ్గర కూడా.'

'కష్టం వచ్చాక త్వరగా తేరుకుంటాను'
అన్నచోట ఏ సున్నా నింపలేదు.
కాగితం తిప్పి వెనక రాశాడు.

"మేడం, మొన్న మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి
మా అంతస్తులో పైపు పగిలింది.
అందరూ నిద్రలో ఉన్నారు.
మేలుకొని ఉన్నది నేనొక్కణ్ణే,
ఎందుకో ముందు పేజీలో చెప్పాను.
ముక్కూ మొహం తెలియనివాడెవడో చేపలు కడుగుతుంటే
రెండు గంటలుగా చూస్తున్నాను.
నాకు చేపలు పడవు.
నీళ్ళ చప్పుడు ఫోన్‌లోదే అనుకున్నాను.
కాళ్ళు తడిశాక తెలిసింది.

వాల్వు ఎక్కడుందో తెలీదు. వెతికాను.
తిరగలేదు. చొక్కా విప్పి చుట్టి తిప్పాను.
తలుపులు బాదాను, తిట్లు తిన్నాను.
ఏడాదిన్నరగా నా పక్క గదివాడు,
ఆ రాత్రే పేరడిగాను. తుంజాయ్.

మళ్ళీ వచ్చిన నీళ్ళు తుప్పు ఎరుపు.
ఒక బకెట్టు పట్టి మెట్ల దగ్గర కూర్చున్నాను.
'కదిపావో, తేరదు' అంది వంటగది గులిజార్ అక్క.
కదపలేదు.
ఫోను రెండుసార్లు తీశాను.
అబద్ధమెందుకు, నాలుగుసార్లు.
తీసిన ప్రతిసారీ నీటిని మరిచాను,
జేబులో పెట్టి చూస్తే
నీరు నాకంటే కాస్త ముందుకెళ్ళి ఉంది.

పొద్దెక్కేసరికి అడుగున చారెడు ఎర్ర మట్టి,
పైన నా మొహం. గడ్డం పెరిగింది.
శరీర నిర్మాణశాస్త్రం రెండుసార్లు తప్పాను మేడం,
దూడని బయటికి తీసే ప్రాక్టికల్ రోజున నిద్రపోయాను,
అవన్నీ ఆ మట్టిలోనే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు.
బకెట్టుని ఎవరైనా తన్నితే మళ్ళీ ఎరుపే.
దీన్ని తేరుకోవడం అంటారా?
అంటే ఎన్నో సున్నా?
'త్వరగా' అన్నారు కదా,
అక్కడ ఆగిపోయాను."

ఖాళీ వదిలిన ఫారం తీసెయ్యాలని నియమం.
తీసేశాను.
మూడు వందల ముప్పై తొమ్మిది మంది సగటు
వచ్చే నెల పెద్దల ముందు నిలబడుతుంది,
పట్టికలో, అంకె మీద చుక్క గుర్తుతో.

ఇది చదువుతుండగా నా ఫోను మూడుసార్లు వెలిగింది.
ఒక్కసారే చూశాను.
అబద్ధమెందుకు.

నోట్లో చక్కెర ఎప్పుడు కరిగిపోయిందో,
ఇప్పుడు దిగుతున్నది ఉత్త టీ.
గ్లాసు ఇంకా సగం ఉంది.